పంటికంటే గట్టిది వద్దు.. గొంతుకంటే చిన్నది వద్దు!
బలమైన కుక్కలకు ఆటవస్తువుల ఎంపికలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పలాస, టెక్కలి: ఉద్దానం కొబ్బరితోటల్లో సాయంత్రం వేళ తరచూ కనిపించే దృశ్యమిది. తోట యజమాని చేతికందిన కొబ్బరి డొక్కనో, మట్టముక్కనో దూరంగా విసురుతాడు. కాపలా కుక్క రివ్వున దూసుకుపోయి దానిని నోట కరచుకుని వస్తుంది. మళ్లీ విసరమన్నట్టు తోకాడిస్తూ ఎదుట నిలబడుతుంది. పైసా ఖర్చులేని ఈ ఆట మనిషికీ, మూగజీవికీ మధ్య చెలిమిని పెంచుతుంది. చిక్కంతా విసిరే వస్తువుతోనే. డొక్క పీచు కడుపులో చేరినా, కర్రమొన అంగిట్లో గుచ్చుకున్నా, చిన్నబంతి గొంతుకు అడ్డుపడినా ఆ ఆటే ప్రాణాంతకమవుతుంది.

పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట వంటి పట్టణాల్లో లాబ్రడార్‌, జర్మన్‌ షెపర్డ్‌, రాట్‌వీలర్‌ వంటి పెద్ద జాతుల కుక్కలను పెంచుకునేవారు ఉన్నారు. పల్లెల్లో, తోటల్లో నాటుకుక్కలదే కాపలా. జాతి ఏదైనా సత్తువ గల కుక్క చేతికి బంతి చిక్కితే ముక్కలు కావడానికి ఎంతోసేపు పట్టదు. దాంతో చాలామంది ‘ఎంత గట్టిదైతే అంత మంచిది’ అనుకుని రాయిలాంటి వస్తువులను ఎంచుకుంటున్నారు. ఇది సరికాదు. మన్నిక అంటే కాఠిన్యం కాదు. పంటిని విరగ్గొట్టనంత మెత్తగా, ముక్కలుగా ఊడిరానంత గట్టిగా, గొంతులోకి జారనంత పెద్దగా ఉన్నదే మన్నికైన ఆటవస్తువు.

ఆట ఎందుకు?

వస్తువును నోట కరచి తెచ్చే గుణం అన్ని కుక్కలకూ ఒకేలా ఉండదు. లాబ్రడార్‌కు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. కెనడా తూర్పుతీరంలోని న్యూఫౌండ్‌లాండ్‌లో మత్స్యకారుల వెంట ఉండి వలలను, జారిపోయిన చేపలను నీటిలోంచి తెచ్చిపెట్టిన కుక్కల సంతతే నేటి లాబ్రడార్‌. ఆ తర్వాత ఇంగ్లాండ్‌లో వేటాడిన పక్షులను తెచ్చేందుకు ఈ జాతిని తీర్చిదిద్దారు. జర్మన్‌ షెపర్డ్‌ గొర్రెలమందల కాపలాకు పెంచిన జాతి. కదిలేదాని వెంట పరుగెత్తడం దానికి సహజం. కొల్లేరు పరిసరాలకు చెందిన తెలుగునేల జాతి జోనంగి బాతుల మందలను కాయడంలో పేరుపడింది. నాటుకుక్కల్లో కొన్ని బంతి వెంట పరుగెత్తుతాయి గానీ తిరిగి తెచ్చివ్వవు. ఓపికగా నేర్పితే అవీ దారికొస్తాయి.

రోజంతా గొలుసుకు కట్టి ఉంచిన కుక్కలో శక్తి పేరుకుపోతుంది. గోతులు తవ్వడం, చెప్పులు కొరకడం, అదేపనిగా మొరగడం, కనిపించినవారిపైకి ఉరకడం దాని ఫలితమే. పూటకు పది, పదిహేను నిమిషాల బంతి ఆటతో ఈ చికాకు చాలావరకు తగ్గుతుంది.

దంతానికి చేటు తెచ్చే గట్టిదనం

ఎదిగిన కుక్కకు 42 పళ్లు, కూనకు 28 పాలపళ్లు ఉంటాయి. ఆరేడు నెలల వయసుకు శాశ్వత దంతాలు వస్తాయి. గట్టి వస్తువును కొరికేటప్పుడు పైదవడలోని పెద్ద నమిలే పళ్లపైనే భారమంతా పడుతుంది. ఎముక, రాయి, జంతువుల గిట్టలు, గట్టి ప్లాస్టిక్‌ వంటివి కొరికినప్పుడు ఈ పన్ను పెచ్చులా చీలిపోతుంది. చీలిక లోపలి నరం వరకు వెళితే చీముపట్టి కంటి కింద వాపు వస్తుంది. కుక్క బాధను బయటపెట్టదు. ఒకవైపుతోనే నమలడం, తిండి దగ్గర తటపటాయించడం, నోటి నుంచి దుర్వాసన రావడం దీనికి గుర్తులు.

కొనేముందు చేయదగిన పరీక్షలు సులువైనవే. వస్తువుపై బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కాలి. కొద్దిగానైనా లొంగాలి. మోకాలి చిప్పపై తేలిగ్గా తట్టుకుంటే నొప్పి పుట్టకూడదు. గోరుకు లొంగనిది, మోకాలికి నొప్పి కలిగించేది కుక్క పంటికి పనికిరాదు.

గొంతుకు అడ్డుపడే చిన్నతనం

రెండోది పరిమాణం. పరుగెత్తుతూ ఎగిరి బంతిని అందుకునేటప్పుడు కుక్క నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ వేగానికి చిన్నబంతి నేరుగా గొంతు ద్వారంలోకి జారిపోతుంది. లాలాజలంతో జారుడుగా మారిన గుండ్రని వస్తువు అక్కడ బిగుసుకుంటే గాలి ఆడదు. నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. బంతిని నోట్లో ఉంచి చూసినప్పుడు కోరపళ్ల వెనక్కి జారకూడదు. బంతి మొత్తం లోపల ఉండగా కుక్క నోరు మూయగలిగితే అది చిన్నదనే అర్థం.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం సాధారణ టెన్నిస్‌ బంతి అడ్డుకొలత 6.54 నుంచి 6.86 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. మధ్యస్థ పరిమాణం గల నాటుకుక్కకు ఈ కొలత సరిపోవచ్చు. రాట్‌వీలర్‌, గ్రేట్‌డేన్‌, పెద్ద జర్మన్‌ షెపర్డ్‌ దవడకు మాత్రం అది చిన్నదే. అటువంటి వాటికి 7.5 సెంటీమీటర్లకు తగ్గని బంతిని ఎంచుకోవడం క్షేమం. ఒకే ఇంట చిన్నా పెద్దా కుక్కలుంటే పెద్దదానికి తగిన కొలతనే పాటించాలి. చిన్నదాని బంతి పెద్దదాని నోట పడకుండా చూడాలి.

చుట్టూ ఉన్నవే.. చేటు చేసేవి

ఉద్దానంలో కుక్కకు విసిరేందుకు వస్తువులకు కొదవలేదు. వాటిలో చాలావరకు పనికిరానివే.

కొబ్బరి డొక్క: దూరంగా విసరడానికి అనువుగా ఉంటుంది. అయితే కొరికేకొద్దీ పీచు ఊడివస్తుంది. కొబ్బరి పీచు కడుపులో జీర్ణం కాదు. ఉండలుగా చుట్టుకుని పేగులకు అడ్డుపడుతుంది. పగిలిన చిప్ప అంచులు చిగుళ్లను కోస్తాయి. కొబ్బరి తాడును ముడివేసి ఆటవస్తువుగా వాడినా ఇదే ముప్పు. పైగా పీచు మొనలు నాలుకపై గుచ్చుకుంటాయి.

జీడి పిక్కలు: వేసవిలో తోటల్లో పిక్కలు ఏరే సమయంలో కుక్కలకు ఇవి సులువుగా దొరుకుతాయి. పచ్చిపిక్క తొక్కలోని జీడి సొన ఎంత ఘాటైనదో పప్పు ఒలిచే కార్మికుల చేతులే చెబుతాయి. అదే సొన కుక్క పెదవులు, నాలుక, అంగిలిపై బొబ్బలు తెస్తుంది. ఆటకు జీడితోట అనువైన చోటు కాదు. పిక్కలు ఆరబోసిన కళ్లాల దగ్గర అసలే కాదు.

మామిడి, తాటి టెంకలు: పిల్లలు సరదాగా విసిరే మామిడి టెంకను లాబ్రడార్‌ వంటి తిండిపోతు కుక్క మింగేస్తుంది. జారుడుగా ఉండే టెంక కడుపు దాటి చిన్నపేగులో ఇరుక్కుంటే శస్త్రచికిత్స తప్ప మార్గముండదు. తాటి టెంక మింగుడు పడేది కాకపోయినా పంటికి గట్టిది. పీచూ ఉంటుంది. మొక్కజొన్న కండెలదీ ఇదే తీరు.

కర్రలు, వెదురు ముక్కలు: విసిరిన కర్ర ఒక కొన నేలలో దిగి నిలబడిపోవడం కద్దు. దూసుకొచ్చిన కుక్క ఆ రెండో కొనపైనే పడితే అది అంగిలిని, గొంతును చీల్చుకుపోతుంది. పైకి రక్తం ఎక్కువగా కనిపించకపోయినా లోపల పుల్లలు ఉండిపోయి వారాల తర్వాత మెడ వద్ద చీముగడ్డలుగా తేలుతాయి.

వలల సామగ్రి: బారువ, భావనపాడు వంటి తీరాల్లో ఇసుకపై పడి ఉండే వల బెండ్లు బంతుల్లాగే కనిపిస్తాయి. కొరికితే పొడిపొడిగా రాలతాయి. వాటిని అంటిపెట్టుకుని నైలాన్‌ దారం, గాలాలు, సీసపు గుళ్లు ఉండవచ్చు. సీసం విషం. దారం పేగులను కోసే కత్తి.

పాత టైర్లు: ద్విచక్ర వాహనాల టైరు ముక్కలను కుక్కలకు వేయడం పరిపాటి. టైరు అంచులో ఉక్కుతీగలు ఉంటాయి. బయటపడిన తీగ నోటిని చీలుస్తుంది.

టెన్నిస్‌ బంతితో తంటా

ఊరూరా దొరికేది, చవకైనది టెన్నిస్‌ బంతి. కుక్కలకు అందరూ మొదట విసిరేదీ అదే. విసిరి వెంటనే తీసుకునే ఆటకు కొంతకాలం వాడటంలో తప్పులేదు. నమలడానికి వదిలేస్తేనే ఇబ్బంది. దానిపై ఉండే నూగుపొర ఇసుకను, దుమ్మును పట్టి ఉంచుతుంది. ఉద్దానం నేలల్లో ఇసుక పాలు ఎక్కువ. ఇసుక నిండిన నూగు గరుకు కాగితంలా మారి రోజూ నమిలే కుక్క పళ్లను అరగదీస్తుంది. లోపల గాలితో ఉండే పలుచని రబ్బరు గుల్ల బలమైన దవడకు రెండు పెచ్చులుగా చీలిపోతుంది. నొక్కుకుపోయిన బంతి గొంతులోకి పోయి అక్కడ తిరిగి విచ్చుకునే ప్రమాదమూ ఉంది.

క్రికెట్‌ బంతి మరీ ప్రమాదకరం. పురుషుల క్రికెట్‌లో వాడే బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాముల వరకు ఉంటుంది. ఎగిరి అందుకునే కుక్క ముందుపళ్లను అది విరగ్గొట్టగలదు. తోలు చిరిగితే లోపలి దారం, బెండు కడుపులోకి చేరుతాయి. కార్క్‌ బంతుల సంగతీ అంతే.

పిల్లల బొమ్మలకూ కుక్కల బొమ్మలకూ తేడా తెలుసుకోవాలి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఆ పరీక్షలు పిల్లల భద్రత కోసమే. కుక్క పంటిని తట్టుకుంటుందనడానికి ఆ గుర్తు హామీ కాదు. గుండీకళ్లు, దూది, కూతపెట్టే గొట్టం ఉన్న బొమ్మలను బలమైన కుక్కకు ఇవ్వరాదు.

ఏది కొనాలి?

గట్టి సహజ రబ్బరు బంతి: ఇదే అన్నింటిలో మేలైనది. గంధకంతో పదును చేసిన రబ్బరు పంటికింద లొంగి మళ్లీ పూర్వరూపానికి వస్తుంది. పెచ్చులుగా విరగదు. అమెరికాలో 1970ల్లో జో మార్ఖమ్‌ అనే వ్యక్తి పెంచుకున్న జర్మన్‌ షెపర్డ్‌కు రాళ్లు కొరికే అలవాటుండేది. వాహనం మరమ్మతు చేస్తూ పక్కన పడేసిన రబ్బరు విడిభాగాన్ని అది ఇష్టంగా నమలడం చూసిన ఆయన అదే ఆకృతిలో బొమ్మను తయారుచేశారు. ‘కాంగ్‌’ పేరిట ప్రపంచమంతా అమ్ముడవుతున్న రబ్బరు బొమ్మల పుట్టుక అదే. రాయికి బదులు రబ్బరు చాలునన్న ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది. లోపల బోలుగా ఉన్న బంతి కొంటే దానికి రెండు వైపులా రంధ్రాలుండేలా చూడాలి. ఒకే రంధ్రం ఉంటే లోపల గాలి తగ్గి నాలుకను పీల్చి పట్టేస్తుంది.

రబ్బరు రింగు: నోట కరచుకోవడానికి వీలుగా ఉంటుంది. మధ్యలో ఖాళీ ఉండటంతో గాలికి పూర్తిగా అడ్డుపడే అవకాశం తక్కువ. దవడ పెద్దదైన కుక్కకు బంతికంటే ఇది మెరుగు. కింది దవడపైకి ఎక్కి బిగుసుకోనంత కొలత ఉండాలి.

కాన్వాస్‌ డమ్మీ: వేటకుక్కలకు తర్ఫీదునిచ్చేందుకు వాడే పొడవాటి సంచివంటి వస్తువు ఇది. మందపాటి గుడ్డతో కుట్టి లోపల తేలిక పదార్థం నింపుతారు. నీటిపై తేలుతుంది. దానికున్న తాడు పట్టుకుని దూరంగా విసరవచ్చు. నమలనిస్తే చిరిగిపోతుంది కాబట్టి తెచ్చిన వెంటనే తీసేసుకోవాలి.

మెత్తని డిస్క్‌: గట్టి ప్లాస్టిక్‌ పళ్లెం అంచులు విరిగి చిగుళ్లను కోస్తాయి. వంచితే వంగే రబ్బరు లేదా గుడ్డ డిస్కులే వాడాలి. గాలిలోకి ఎత్తుగా విసిరితే కుక్క మెలితిరిగి ఎగురుతుంది. అలా దిగేటప్పుడు వెనుకకాలి మోకీలు నరం తెగవచ్చు. నేలకు దగ్గరగా విసరాలి.

తాడుతో ఉన్న బంతి: విసరడానికి బాగున్నా నూలుపోగులు ఊడటం మొదలవగానే పారేయాలి. మింగిన పొడవాటి పోగు పేగులను కుచ్చులా ముడుచుకుపోయేలా చేస్తుంది.

బంతిని దూరంగా విసిరే ప్లాస్టిక్‌ చేతికర్రలు కూడా దొరుకుతున్నాయి. వంగే పని, లాలాజలం అంటే బాధ తప్పుతాయి. అయితే దూరం పెరిగితే కుక్క శ్రమా పెరుగుతుందని మరవరాదు.

నీలిరంగు ఎందుకు మేలు?

దుకాణాల్లో ఎరుపు, నారింజ బంతులే ఎక్కువగా కనిపిస్తాయి. అవి మనిషి కంటికి ఇంపైన రంగులు. కుక్క కన్ను నీలం, పసుపు రంగులను చక్కగా గుర్తిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా దానికి తెలియదు. 1989లో అమెరికా శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగాలు దీనిని నిర్ధారించాయి. పచ్చికలో పడిన ఎర్రబంతిని కుక్క చూసి కాదు, వాసన పట్టి వెతుక్కుంటుంది. తోటల్లో నీలిరంగు బంతి తేలిగ్గా కనిపిస్తుంది. మొగలి డొంకల్లో బంతి పడితే కుక్కను ఉసిగొల్పకూడదు. ఆకుల అంచున ఉండే ముళ్లు కంటికి ప్రమాదం.

విసిరేది వేరు.. నమిలేది వేరు

ఎంత మంచి బంతి అయినా రోజంతా కుక్క దగ్గర వదిలేస్తే నిలవదు. విసిరేందుకు వాడే వస్తువు ఆట ముగియగానే యజమాని చేతికి రావాలి. మళ్లీ ఆటవేళకే బయటకు తీయాలి. దీనివల్ల రెండు లాభాలు. బంతి పదికాలాలు మన్నుతుంది. కుక్కకు దానిపై మోజూ తగ్గదు. నమలడానికి వేరుగా దళసరి రబ్బరు బొమ్మ ఇవ్వాలి.

నోట్లోని బంతిని బలవంతంగా లాక్కోవడం మంచిది కాదు. లాగేకొద్దీ కుక్క మరింత బిగబట్టి దానినీ ఆటగానే భావిస్తుంది. ఒకేరకం బంతులు రెండు దగ్గరుంచుకోవాలి. ఒకటి తేగానే రెండోది చూపితే మొదటిది దానంతట అదే వదులుతుంది. ఆ క్షణంలో ‘వదులు’ అన్న మాటను అలవాటు చేస్తే కొద్దిరోజుల్లోనే మాటకు లొంగుతుంది. ఈ తర్ఫీదు పిల్లలున్న ఇంట మరీ అవసరం. ఆటలో పంటిగాటు పడితే చిన్నదని వదిలేయక గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకు ఏటా రేబిస్‌ టీకా వేయించాలి.

ఆట ముగిశాక బంతిని కడిగి, చీలికలు ఉన్నాయేమో వేళ్లతో నొక్కి చూడాలి. సముద్రతీరంలో ఆడిస్తే మంచినీటితో ఉప్పు, ఇసుక పోయేలా కడగాలి. ఎండలో ఆరవేయరాదు. ఎండకు రబ్బరు బీటలు వారుతుంది. నూనె కూడా సహజ రబ్బరుకు శత్రువే. కొబ్బరినూనె అంటిన చేతులతో పట్టుకుంటూ ఉంటే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చిటికెనవేలి గోరంత ముక్క ఊడినా ఆ బంతికి కాలం చెల్లినట్టే. వందల రూపాయల బంతిని పారేయడానికి వెనకాడితే వేల రూపాయల శస్త్రచికిత్సకు సిద్ధపడాల్సి వస్తుంది.

ఎక్కడ.. ఎప్పుడు?

తీరప్రాంతపు ఉక్కపోత కుక్కలకు పెద్ద పరీక్ష. వాటికి మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే వేడిని వదులుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ మార్గమూ మందగిస్తుంది. కుక్క సాధారణ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్‌. అది 105 దాటితే వడదెబ్బే. బంతిపై వ్యామోహమున్న కుక్క అలసిపోయినా ఆగదు. ఆపాల్సింది యజమానే. నాలుక వెడల్పుగా సాగి వేలాడటం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, నడక తూలడం కనిపిస్తే ఆట ఆపి నీడకు చేర్చాలి. ఒళ్లంతా నీటితో తడిపి గాలి తగిలేలా చేసి వైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి.

వేసవిలో తెల్లవారుజాము, మునిమాపు చల్లగా ఉంటాయి. ఉద్దానంలో ఆ వేళలకు మరో భయం ఉంది. తోటల్లో ఎలుగుబంట్లు తిరిగేది అప్పుడే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించారు. పలువురు గాయపడ్డారు. బంతి వెంట పొదల్లోకి దూరిన కుక్క ఎలుగును రేపి, భయంతో తిరిగి యజమాని వద్దకే పరుగెత్తుకొస్తుంది. వెనుకే ఎలుగూ రావచ్చు. అందువల్ల చల్లని వేళల్లో ఆటను ప్రహరీ ఉన్న పెరటికో, ఊరి నడుమ ఉన్న మైదానానికో పరిమితం చేయాలి. తోటల్లో ఆడించదలిస్తే బాగా తెల్లవారాక, ఎండ ముదరక ముందే ముగించాలి.

సముద్రతీరంలో ఆడించేవారు మంచినీళ్లు వెంట తీసుకెళ్లాలి. అలల్లోంచి బంతి తెచ్చే ప్రతిసారీ కుక్క కొంత ఉప్పునీరు మింగుతుంది. ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి వణుకు, మూర్ఛ వస్తాయి. ఇసుకలో పడిన బంతితోపాటు ఇసుకా లోపలికి పోయి పేగుల్లో పేరుకుంటుంది. గట్టి ఇసుక ఉన్న తడినేలపై ఆడించడం మంచిది. గట్టి రబ్బరు బంతులు కొన్ని నీట మునుగుతాయి. ముందుగా బకెట్‌ నీటిలో వేసి చూసుకోవాలి.

జనవరి నుంచి ఏప్రిల్‌ వరకు ఈ తీరానికి ఆలివ్‌ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేందుకు వస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వీటికి అత్యున్నత రక్షణ కల్పించింది. కుక్కలు ఆ గూళ్లను తవ్వి గుడ్లను తినేస్తాయి. ఆ నెలల్లో రాత్రివేళ కుక్కను తీరంలో వదలకూడదు. టెక్కలి మండలం తేలినీలాపురం విదేశీ పక్షుల విడిది పరిసరాల్లోనూ ఇదే నియమం పాటించాలి.

ఏడాది, ఏడాదిన్నర నిండని పెద్దజాతి కూనలకు కీళ్ల ఎముకలు పూర్తిగా ముదరవు. వాటిని ఎగరనివ్వకుండా బంతిని నేలపై దొర్లించాలి. తిండి తిన్నాక కనీసం గంటసేపు ఏ కుక్కనూ పరుగెత్తించరాదు. ఛాతీ లోతుగా ఉండే పెద్దజాతుల్లో కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదముంది.

గొంతులో ఇరుక్కుంటే..

కుక్క ముందుకాళ్లతో నోరు గీరుకోవడం, శబ్దం రాకుండా పొడిగా కక్కడానికి ప్రయత్నించడం, నాలుక నీలంగా మారడం బంతి ఇరుక్కుందనడానికి గుర్తులు. ఒకరు నోరు తెరిచి పట్టుకోవాలి. రెండోవారు బంతి కనిపిస్తే వేలిని దాని వెనక్కి పోనిచ్చి ముందుకు లాగాలి. ఎదురుగా నొక్కితే మరింత లోపలికి జారుతుంది. వేలికి అందకపోతే దవడ కింద, మెడపై బంతి తగిలేచోట వెనుకవైపు రెండు బొటనవేళ్లు ఆనించి నోటివైపు గట్టిగా నెట్టాలి. అయినా రాకపోతే పక్కటెముకల కింద పొట్టను ఒక్కసారిగా లోపలికి, ముందుకు నొక్కాలి. బయటపడినా సరే పశువైద్యుడికి చూపించాలి. గొంతు వాపు తర్వాత ఇబ్బంది పెట్టవచ్చు.

ముక్క మింగేస్తే లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. తిన్నదీ తాగినదీ వాంతి కావడం, మలవిసర్జన ఆగిపోవడం, వీపు వంచి నిలబడటం, పొట్ట తాకనివ్వకపోవడం కనిపిస్తే ఇంటివైద్యం చేయరాదు. ఉప్పునీరు తాగించి కక్కించడం ప్రాణం మీదకు తెస్తుంది. నోటినుంచో, వెనుకనుంచో దారం వేలాడుతుంటే లాగరాదు. మిగిలిన బొమ్మను వెంట తీసుకెళ్లి వైద్యుడికి చూపాలి. రబ్బరు, గుడ్డ వంటివి ఎక్స్‌రేలో అన్నిసార్లూ స్పష్టంగా కనిపించవు. ఏం మింగిందో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది. పశువుల అత్యవసర సేవల టోల్‌ఫ్రీ నంబరు 1962ను, దగ్గరి పశువైద్యశాల నంబరును ఫోన్‌లో భద్రపరచుకోవడం మేలు.

గుర్తుంచుకోవాల్సినవి

* గోటితో నొక్కితే లొంగాలి. మోకాలికి తగిలితే నొప్పి పుట్టకూడదు.
* బంతి కోరపళ్ల వెనక్కి జారకూడదు. సందేహముంటే పెద్దదే కొనాలి.
* బోలు బంతికి రెండు వైపులా రంధ్రాలుండాలి.
* కొబ్బరి డొక్క, జీడి పిక్క, మామిడి టెంక, కర్ర, వల బెండు ఆటవస్తువులు కావు.
* ఆట కాగానే బంతిని దాచాలి. ముక్క ఊడితే పారేయాలి.
* పది, పదిహేను నిమిషాలు చాలు. అలసట గుర్తించి ఆపాల్సింది యజమానే.

తోటను, ఇంటిని కనిపెట్టుకుని ఉండే కుక్క తనకు విసిరినదేమిటో ఎంచుకోదు. రాయి వేసినా, రబ్బరు బంతి వేసినా అదే నమ్మకంతో పరుగెత్తి తెస్తుంది. ఆ ఎంపిక చేయాల్సింది విసిరే చేయే.